చెరిపిన పెళ్లిళ్ల కింద

నేను ఒక హార్డ్ డిస్కును. కంప్యూటరు డబ్బా లోపల మరలతో బిగించి ఉంటాను కాబట్టి నా మొహం చూసినవాళ్లు తక్కువ. జనానికి కంప్యూటరు అంటే ఎదురుగా వెలిగే తెర. ఆ తెర మీద కనపడే ప్రతి బొమ్మనూ, వినపడే ప్రతి చప్పుడునూ మోసేది నేనైనా పేరంతా దానిదే. ఉక్రోషంతో అంటున్న మాట కాదిది. ఉక్రోషపడే వయసు దాటిపోయింది. అలిసిపోయాను, అంతే.

నేను పుట్టింది సముద్రాల అవతల, దుమ్ము రేణువుకు కూడా ప్రవేశం లేని ఒక గదిలో. తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకున్న అమ్మాయిలు అద్దంలాంటి పళ్లేలను నాలో పేర్చి, వాటి మీద ఆనీ ఆనకుండా కదిలే సన్నని చేతిని అమర్చి మూత బిగించారు. అంత శుభ్రంగా పుట్టినదాన్ని చివరికి మార్కాపురం చేరాను. పలకల రాళ్లు కోసే ఊరు అది. ఎండాకాలం గాలి తిరిగితే బూడిద రంగు పొడి కిటికీల్లోంచి వచ్చి అన్నం కంచాల మీద కూడా వాలుతుంది. రాయడానికీ చెరపడానికీ పనికొచ్చే వస్తువును ఊరూరికీ పంపిన చోట నాకూ అదే పని దొరకడంలో వింతేమీ లేదు.

నన్ను కొన్నవాడు కాశిం వలి. బస్టాండు వెనక సందులో అతనికి ఒక చిన్న స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. తీసినదాన్ని కత్తిరించి అతికించి, మధ్యమధ్య గులాబీలూ పావురాలూ ఎగిరించి, సీడీలుగా చేసి ఇచ్చేవాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట, పెళ్లిళ్ల రోజుల్లో ఎప్పుడూ నిద్ర చాలని కళ్లు. వాళ్లది దూదేకుల కుటుంబం. తండ్రి నన్నేసాహెబు సన్నాయి విద్వాంసుడు. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి జరిగినా, ఏ గుళ్లో ఉత్సవం జరిగినా ఆయన మేళమే ముందు కుదిరేది. పొద్దున్నే నమాజు చేసుకుని, బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టే పెళ్లివాళ్ల పందిట్లోకి వెళ్లి కూర్చునేవాడు. రెంటికీ మధ్య ఆ ఇంట్లో ఎన్నడూ తగాదా రాలేదు.

ఆయన పక్కన రెండో సన్నాయి దస్తగిరిది. నన్నేసాహెబు భార్య హుస్సేనమ్మకు సొంత తమ్ముడు. బావా బావమరుదులు పక్కపక్కన కూర్చుని వాయిస్తే ఒకే మనిషికి రెండు నోళ్లు ఉన్నట్టు ఉండేదని ఆ మేళం విన్నవాళ్లు చెప్పుకునేవారు. చాలా పెళ్లిళ్లలో తండ్రీ మేనమామా పందిట్లో వాయిస్తుంటే, కొడుకు కెమెరా పట్టుకుని ఆ పందిట్లోనే తిరిగేవాడు.

ఇక నా పని చెబుతాను. పెళ్లి అయిన మర్నాడు కాశిం తన కెమెరాలోని చిన్న క్యాసెట్టు నుంచి పెళ్లంతా నాలోకి దింపుకునేవాడు. ఆ క్యాసెట్టు మీదే తరవాతి పెళ్లి తీసేవాడు. కాబట్టి పెళ్లి అనేది అప్పటినుంచి నాలోనే ఉండాలి. దింపగానే అతను చేసే మొట్టమొదటి పని పెళ్లి చప్పుడు తీసెయ్యడం. మంత్రాలు, మేళం, పలకరింపులు, పిల్లల ఏడుపులు, జనరేటరు మోత కలిసిన ఆ సంతను ఒక్క మీటతో మూసేసి, దాని చోట సినిమా పాట ఎక్కించేవాడు. పెళ్లికూతురు నడిచొస్తే ఒక పాట, తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఏడుపు పాట. అప్పగింతల్లో ఎవరూ ఏడవకపోయినా ఆ పాట తప్పదు. మనుషులకు తమ పెళ్లి వేరేవాళ్ల పెళ్లిలా కనపడితే తప్ప తృప్తి ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

పెళ్లిళ్ల కాలం ముగిసేసరికి నాలో చోటుండేది కాదు. అప్పుడు నన్ను ఫార్మాట్ చేసేవాడు. నిజంగానే అన్నీ చెరిపెయ్యమంటారా అని కంప్యూటరు అడుగుతుంది. ఆ ప్రశ్న పూర్తిగా చదివిన మనిషిని నేను చూడలేదు. కాశిం కూడా చదవకుండానే అవునని నొక్కేవాడు. క్షణంలో నేను ఖాళీ.

నిజానికి ఖాళీ కాను. ఫార్మాట్ అంటే మనుషులు అనుకునేది వేరు, జరిగేది వేరు. ఒక ఊళ్లో ఇళ్లేవీ కూల్చకుండా, వీధుల పేర్లూ గుమ్మాల మీది నంబర్లూ మాత్రం పీకేసి, ఈ ఊళ్లో ఎవరూ లేరని ప్రకటించడం లాంటిది అది. లోపల అందరూ ఉంటారు. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి ఆ గోడల మీదే ఇల్లు కట్టుకునేదాకా ఉంటారు. అట్లా ఏటేటా నా మీద పెళ్లి మీద పెళ్లి పడింది. ఒక పెళ్లికొడుకు తలపాగా మీద ఇంకొకరి విందు, ఆ విందు మీద మరొకరి ఊరేగింపు. అక్కడక్కడా ఏ కొత్త పెళ్లీ వచ్చి పడని మూలలు మిగిలేవి. ఆ ముక్కలు మోస్తూ నేను తిరుగుతూనే ఉన్నాను. ఎవరూ అడగని బరువు మోయడం మామూలు బరువు మోయడం కంటే కష్టం.

ఒకసారి నన్నేసాహెబు స్టూడియోకు వచ్చి కొడుకు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తెర మీద ఆయన వాయించిన పెళ్లే నడుస్తోంది. బుగ్గలు పూరించి, కళ్లు మూసుకుని, వేళ్లు గబగబా ఆడిస్తూ ఆయనే కనపడుతున్నాడు. వినపడేది మాత్రం హీరో హీరోయిన్లు కొండల్లో పాడుకునే పాట.

"మా మేళం యాడ పోయిందిరా?" అని అడిగాడు.

"జనం పాటలే కావాలంటన్నారు నాయనా. మేళం పెడితే వీడియో పాతగా ఉందని తిప్పి పంపిస్తన్నారు" అన్నాడు కాశిం, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

నన్నేసాహెబు కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. కోపం తెచ్చుకుని ఉంటే కాశింకు గుర్తుండేదేమో. కోపం తెచ్చుకోలేదు కాబట్టి ఆ మాట ఆ పూటకే మరిచిపోయాడు.

ఆ తరవాత కొన్నేళ్లకు దస్తగిరి కామెర్లతో పోయాడు. నన్నేసాహెబు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని వాయించాడు గానీ, ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడేవాడు కాదట. పెళ్లిళ్లలోకి బ్యాండు వచ్చింది, బ్యాండు వెనక పెద్ద స్పీకర్ల బండి వచ్చింది. సన్నాయి ముహూర్తం వేళకు మాత్రం మిగిలింది. ఒకరోజు కంభం దగ్గర ఒక పెళ్లిలో, తాళి కట్టే సమయానికి డోలు మోగింది కానీ సన్నాయి పలకలేదు. చూస్తే నన్నేసాహెబు పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, నోట్లో సగం పోయాయి. మాట పోయింది. సన్నాయి పీకను పెదాల మధ్య పట్టే బలం కూడా పోయింది.

ఆ పెళ్లికి వీడియో తీసింది కాశిమే. దాన్ని నాలోకి దింపాడు. ఆ చోటు వచ్చేసరికి కత్తిరించి, పాట ఎక్కించి ఇచ్చాడు. తరవాత మామూలుగానే నన్ను ఫార్మాట్ చేశాడు.

నన్నేసాహెబు మంచం వసారాలో వేశారు. నెలలు గడిచాయి. ఆయన పొద్దస్తమానం వీధి వైపు చూస్తూ పడుకునేవాడు. ఒకనాడు ఎవరిదో పెళ్లి ఊరేగింపు ఆ వీధిన పోయింది. స్పీకర్ల మోతకు ఇంటి రేకులు అదిరాయి. మోత దూరమయ్యాక ఆయన కొడుకును రమ్మని సైగ చేశాడు. ఎడమ చేతి వేళ్లు గాలిలో సన్నాయి మీదలా ఆడించాడు. తరవాత చెవి చూపించాడు. మళ్లీ వేళ్లు, మళ్లీ చెవి.

"మేళం వినాలంటన్నాడురా" అంది హుస్సేనమ్మ. "నీ దగ్గర ఉండుద్దిగా, పెట్టు."

కాశిం అన్ని పెళ్లిళ్లు తీశాడు, తన దగ్గర ఒక్కటి కూడా లేదు. అప్పటికింకా అందరి చేతుల్లో వీడియో తీసే ఫోన్లు లేవు. మర్నాడు పాత పెళ్లివాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగాడు. సీడీలు అడిగి తెచ్చుకున్నాడు. ప్రతి దాంట్లోనూ తండ్రి ఉన్నాడు, మేనమామ ఉన్నాడు. ప్రతి దాంట్లోనూ తను ఎక్కించిన పాటే ఉంది. ఒకటి తీసి ఇంకొకటి పెడుతూ, తండ్రి వేళ్ల కిందినుంచి ఎవరి గొంతో వస్తుంటే, చివరికి సీడీలన్నీ పక్కకు నెట్టి తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు అతను నన్ను చూసిన చూపు కొత్తగా ఉంది. డబ్బా మూత విప్పి, నా మీది దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు.

కంప్యూటర్లు బాగుచేసే ప్రభుదాసు ఒంగోల్లో ఉంటాడు. కాశింకు పాత స్నేహితుడు. నన్ను గుడ్డలో చుట్టుకుని అతని దగ్గరకు తీసుకుపోయాడు.

"ఫార్మాట్ చేసి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు ప్రభుదాసు.

"పోయిన వారమే."

"తరవాత ఏమన్నా ఎక్కించావా?"

"ఒక పెళ్లి. పెద్దారవీడుది."

ప్రభుదాసు నాలుక చప్పరించాడు. "ఆ పెళ్లి పడిన చోట పడనే పడింది. మిగతా చోట్ల అడుగున ఏమన్నా ఉంటే తియ్యొచ్చు. ముక్కలే వస్తయ్ అన్నా, మొత్తం ఆశపడబాక. ఇప్పట్నుంచీ దీని మీద ఒక్క అక్షరం కూడా రాయబాక. ఇంకోటి, ఇది ముసలిదైంది. తిరిగేటప్పుడు చప్పుడు ఇంటన్నావా? ఎక్కువసేపు గీకిస్తే మొత్తానికే పోద్ది."

నా గురించి అంత నిజం అంతకుముందు ఎవరూ మాట్లాడలేదు.

అడుగున ఉన్నదాన్ని తవ్వి తీసే సాఫ్ట్‌వేరు ఒకటి, తీసినదాన్ని పెట్టుకోవడానికి ఇంకొక డిస్కు ఇచ్చి పంపాడు. స్టూడియోలో వచ్చిపోయేవాళ్లతో కుదరదని కాశిం కంప్యూటరును ఇంటికే తెచ్చి, వసారాలో తండ్రి మంచానికి ఎదురుగా పెట్టాడు. పెద్దారవీడు పెళ్లివాళ్లు వీడియో ఏదని మనుషులను పంపుతున్నారు. కొత్త పెళ్లిళ్లు మొదలవుతున్నాయి. "చేతిలో పని పెట్టుకుని ఇదేందయ్యా" అంది భార్య మీరాబీ. తరవాత మామ మొహం చూసి, టీ గ్లాసు కంప్యూటరు పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

మొదలుపెట్టాం. నా చివరి మూల నుంచి మొదటి మూల దాకా, పేరులేని ప్రతి చోటూ తడిమాను. నా చెయ్యి వణికేది. కొన్ని చోట్ల పళ్లెం మీద గాట్లు పడి ఉన్నాయి, అక్కడ ఎంత ప్రయత్నించినా చదవలేకపోయేదాన్ని. కాశిం నా చప్పుడు వింటూ, బరబరమన్నప్పుడల్లా ఆపి, ఫ్యాను నా వైపు తిప్పి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టేవాడు. రోజులు పట్టింది. వచ్చినవి చెత్తాచెదారం. సగం మొహాలు, పచ్చ గీతలు పడిన పందిళ్లు, తల లేని ఊరేగింపులు. చప్పుడు వచ్చిన చోట ఎవరో వంటవాణ్ని తిట్టడం, లేదా మైకులో పోయిన చెప్పుల గురించి చెప్పడం. కాశిం ప్రతి ముక్కనూ చివరిదాకా విన్నాడు. పెళ్లిళ్ల చప్పుడు అంత శ్రద్ధగా విన్నది అతని జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

అట్లా వింటూ వింటూ ఒక మధ్యాహ్నం అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సన్నాయి. నడి రాగంలో ఎవరో తలుపు తీసినట్టు మొదలైంది. తెర మీద పెళ్లికూతురి జడగంటలూ, ఎవరిదో భుజమూ ఉన్నాయి. వాయించేవాళ్లు కనపడటం లేదు. జనరేటరు మోత ఉంది, "పక్కకు జరగండమ్మా" అని ఎవరో అరవడం ఉంది. వాటన్నిటి మధ్య సన్నాయి మెల్లగా మెట్లెక్కుతోంది.

"నాయనా!" అని కాశిం మంచం దగ్గరకు పరిగెత్తాడు. స్పీకరును తండ్రి తల పక్కకు తెచ్చాడు. "ఇను నాయనా. దొరికింది. నువ్వే!"

నన్నేసాహెబు కళ్లు పెద్దవయ్యాయి. దుప్పటి మీద ఎడమ చేతి వేళ్లు కదలబోయి ఆగాయి. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వే నాయనా. సరిగ్గా ఇను."

మళ్లీ అడ్డంగా ఊపాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. "ద... ద..." అన్నాడు. గడ్డం మీదికి కన్నీళ్లు జారుతున్నాయి.

లోపలి గదిలోంచి హుస్సేనమ్మ చేతిలో చేటతో అట్లాగే వచ్చేసింది. గుమ్మంలో నిలబడి వింది. చేటలోని బియ్యం ఒక పక్కకు ఒరిగి నేల మీద పోతున్నా చూసుకోలేదు.

"మా తమ్ముడు" అంది. "దస్తగిరిరా అది. రాగం చివర ఎక్కిళ్లొచ్చినట్టు అట్టా విరిచేది వాడే. చిన్నప్పట్నుంచీ అంతే. మీ నాయన ఎన్ని తిట్లు తిట్టినా మానలా."

నన్నేసాహెబు అవునన్నట్టు కళ్లు మూసి తెరిచాడు. మళ్లీ పెట్టమని సైగ చేశాడు. కాశిం పెట్టాడు. ఆయన విన్నాడు. దస్తగిరి విరిచిన చోట మొహం చిట్లించాడు, వెంటనే ఆ చిట్లింపు కరిగిపోయింది. పోయిన మనిషిని తిట్టుకునే వీలు మళ్లీ దొరికినట్టు ఉంది ఆయన మొహం. మళ్లీ పెట్టమన్నాడు.

కాశిం మళ్లీ పెట్టి గడప మీద కూలబడ్డాడు. పుట్టినప్పటినుంచీ వాళ్లిద్దరి సన్నాయి మధ్యే పెరిగినవాడు. బారసాలలూ పెళ్లిళ్లూ అన్నిట్లో వాళ్లను చూస్తూనే ఉన్నాడు. తండ్రి ఊపిరి ఏదో, మేనమామ ఊపిరి ఏదో అతనికి తెలియదు. అతను ఏడవలేదు. చేతుల్లోకి చూసుకుంటూ కూర్చున్నాడు. హుస్సేనమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"నాయనది ఇంకేదన్నా ఉందేమో ఎతుకుతానమ్మా" అన్నాడు చివరికి.

అప్పుడే మంచం మీంచి దబదబమని చప్పుడు వచ్చింది. నన్నేసాహెబు ఎడమ చేత్తో గుండె మీద కొట్టుకుంటున్నాడు. ఏమైందోనని అందరూ కంగారుగా ముందుకు వంగారు. ఆయన చెయ్యి గుండె మీద పెట్టి, వేలితో స్పీకరును చూపించి, మళ్లీ గుండె చూపించాడు. అప్పుడు కాశిం చెవి పెట్టి విన్నాడు.

పైన దస్తగిరి రాగం ఎగురుతూ, తిరుగుతూ, మురిపాలు పోతోంది. దాని అడుగున ఇంకొక సన్నాయి ఉంది. ఒకే ఒక్క స్వరం. ఎక్కదు, దిగదు. ఒకరు రాగం తీస్తుంటే పక్కవారు అట్లా ఒక్క స్వరం పట్టి నిలబడతారు, పైన తిరిగేవాడికి ఇల్లెక్కడుందో తెలియాలిగా. జనరేటరు మోత అనుకుని కాశిం ఇంతసేపూ వదిలేసింది అదే.

"నువ్వా నాయనా?"

నన్నేసాహెబు తల నిలువుగా ఊపాడు.

"ఊపిరి తియ్యకుండా ఎంతసేపు పట్టావు నాయనా!" అన్నాడు కాశిం. అప్పుడు ఏడ్చాడు.

ఆ స్వరం అట్లా సాగుతుండగానే ముక్క అయిపోయింది. ఆ పైన పడింది, ఏదో పెళ్లికి కాశిం ఎక్కించిన సినిమా పాట. రాగం గొంతు మీద కాలేసినట్టు ధనధనమంటూ వచ్చింది. నన్నేసాహెబు నవ్వాడు. సగం నోరే నవ్వింది. ఆ ఇంట్లో ఆయన నవ్వి చాలా కాలమైంది.

ఆ తరవాత కూడా వెతికాం. నాలో ఇంకేమీ దొరకలేదు. ఉండి ఉంటే ఆ గాట్లు పడిన చోట్ల ఉండి ఉండాలి. ఇంకా గీకించబోతే నన్నేసాహెబే చెయ్యి అడ్డంగా ఊపి చాలన్నాడు. ఆయనకు ఉన్నదే కావలసింది. రోజూ సాయంత్రం ఆ ముక్క పెట్టించుకుని వినేవాడు. మరుసటి వానాకాలంలో ఆయన పోయేదాకా అదే ఆ ఇంటి మేళం.

కాశిం తరవాత కూడా పెళ్లిళ్లు తీశాడు. ఇంకొక కొత్త డిస్కు కొన్నాడు. తలంబ్రాల దగ్గర మాత్రం పాట ఎక్కించకుండా, అక్కడ జరిగిన చప్పుడునే వదిలేసేవాడు. "ఈ చోట పాట మర్చిపోయావయ్యా" అని కొందరు తిప్పి తెచ్చేవారు. "మర్చిపోలా అన్నా, అది మీ పెళ్లి మోతే" అని చెప్పేవాడు. ఒప్పుకోనివాళ్లకు పాట పెట్టి ఇచ్చేవాడు. ఇల్లు గడవాలి కదా.

నేను మాత్రం ఆ వెతుకులాటతోనే అయిపోయాను. కరెంటు ఇస్తే టిక్కు టిక్కుమనడం తప్ప నా చెయ్యి ఇక లేవలేదు. కాశిం నన్ను మళ్లీ ప్రభుదాసు దగ్గరకు తెచ్చి, మెషీనుతో చిల్లులు పొడవమన్నాడు.

"చచ్చినదానికి చిల్లులెందుకన్నా? పాత సామాన్లో పడేస్తా, ఎవడు చూస్తాడు?"

"నేను చూశాగా" అన్నాడు కాశిం. "నాకు దొరికినట్టే ఇంకోడికి దొరుకుద్ది. దాంట్లో ఊరందరి ఇళ్ల ఆడపిల్లలున్నారు. పొడువు."

ప్రభుదాసు పొడిచాడు. నొప్పి లేదు. ఇన్నేళ్లలో నన్ను పూర్తిగా చెరిపింది ఆ ఒక్క పూటే. అంతకుముందు చెరిపిన ప్రతిసారీ కాశిం నమ్మాడు, నేను నటించాను.

ఇప్పుడు ఒంగోలు శివారులో, పాత ఇనుము కొనేవాడి దొడ్లో ఉన్నాను. నా మీద ఒక విరిగిన ఫ్యాను, కింద కుట్టుమిషను కాలు. వాన పడితే నీళ్లు చిల్లుల్లోంచి లోపలికి వచ్చి పళ్లేల మీద నిలుస్తాయి. మనుషులు నన్ను రెండే పనులు చెయ్యమన్నారు, దాచమనీ చెరపమనీ. దాచమన్నది పూర్తిగా దాచలేకపోయాను, చెరపమన్నది పూర్తిగా చెరపలేకపోయాను. ఆ రెండు తప్పుల మధ్య ఎక్కడో ఒక ముసలాయన ఊపిరి కాసేపు నిలబడింది. కరిగించడానికి తీసుకుపోయే లారీ ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినప్పుడే రానీ. నాకు తొందరేమీ లేదు.